చెత్త కరెంటు: కాటా మీద తడి, కొలిమిలో పొడి

చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటుకి ఎవరైనా వెళ్తే అక్కడివాళ్లు పొగగొట్టాన్నీ టర్బైన్‌నీ చూపిస్తారు. నేనైతే ముందు గేటు పక్కనున్న కాటా దగ్గర కాసేపు నిలబడమంటాను. లారీ నిండుగా వచ్చి ఎక్కుతుంది, దించేశాక ఖాళీగా వచ్చి మళ్లీ ఎక్కుతుంది. తేడా ఎన్ని టన్నులో రసీదు మీద పడుతుంది. అందులో నీళ్లెన్ని, రోడ్డు ఊడ్చిన మట్టి ఎంత, కాలే సరుకెంత అనే గడి ఆ రసీదులో ఉండదు. చెత్త తోలే కాంట్రాక్టరుకి చాలాచోట్ల డబ్బు ఇచ్చేది బరువును బట్టే. చెత్త తీసుకున్నందుకు ప్లాంటుకి మున్సిపాలిటీ ఇచ్చే రుసుము, అంటే టిప్పింగ్ ఫీజు, ఉన్నచోట అదీ బరువును బట్టే. వాన పడిన రోజు చెత్త బరువెక్కుతుంది, బిల్లూ పెరుగుతుంది. బాయిలర్‌కి మాత్రం ఆ రోజు గండం.

మన దేశంలో చెత్త కరెంటుది దాదాపు నలభై ఏళ్ల చరిత్ర. ప్లాంట్లు మూతపడినప్పుడల్లా టెక్నాలజీ బాగాలేదని, లేదంటే జనం సహకరించలేదని చెప్పి సరిపెట్టారు. ఆ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ చిక్కుముడి అంతకన్నా లోపల, ఎవరికి దేన్ని బట్టి డబ్బు వస్తుందనే దగ్గర పడింది.

చేతి లెక్క

చెత్త కరెంటు వల్ల వాతావరణానికి రెండు మేళ్లని అంటారు. బొగ్గు కాల్చి తీసే కరెంటు ఆ మేరకు తగ్గుతుంది. డంపింగ్ యార్డులో చెత్త కుళ్లి మీథేన్ పుట్టడం ఆగుతుంది. రెండూ నిజమే, కాకపోతే ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఏది ఎంతో తెలియడానికి ఒక చేతి లెక్క వేద్దాం. ఊరిని బట్టి, కాలాన్ని బట్టి అంకెలు మారతాయి కాబట్టి దీన్ని కచ్చితమైన లెక్కగా తీసుకోకండి.

ఒక టన్ను చెత్త కాలిస్తే 300 యూనిట్ల కరెంటు వచ్చిందనుకుందాం. మన గ్రిడ్‌లో ఒక్కో యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే మనం ఆపింది 210 కిలోలు. అదే టన్నులో 100 కిలోల ప్లాస్టిక్ ఉందనుకోండి. ప్లాస్టిక్ పుట్టిందే పెట్రోలియం నుంచి. కిలో కాలిస్తే రెండున్నర నుంచి మూడు కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మొత్తం 250 నుంచి 300 కిలోలు. బొగ్గు దగ్గర మిగిల్చింది ప్లాస్టిక్ దగ్గర అయిపోయింది, పైన కాస్త అప్పు కూడా తేలింది. కాల్చకుండా పడి ఉన్న ప్లాస్టిక్ చేసే పాపాలు చాలానే ఉన్నాయి గానీ, గాలిలోకి కార్బన్ వదలడం వాటిలో పెద్దది కాదు.

ఇక మీథేన్. ఈ టన్ను చెత్తే లోతైన డంపులో పడి ఉంటే, వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన ఐపీసీసీ లెక్కగట్టే పద్ధతి ప్రకారం, కొన్ని దశాబ్దాల కాలంలో దాన్నుంచి 40 కిలోల దాకా మీథేన్ రావచ్చు. నూరేళ్ల లెక్కలో మీథేన్ వేడి కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు. ఇరవై ఏళ్ల లెక్క తీస్తే 80 రెట్లు. నలభైని ఇరవై ఎనిమిదితో గుణించండి, 1,100 కిలోలు దాటుతుంది.

కాబట్టి వాతావరణానికి మేలంతా మీథేన్ ఆపడంలోనే ఉంది, కరెంటులో కాదు. ఆ మీథేన్ ఎక్కువగా వచ్చేది అన్నం, కూర తొక్కలు, ఆకులు, కుళ్లిన పళ్ల నుంచి, అంటే తడి చెత్త నుంచి. కొలిమికి తడి చెత్త శత్రువు. దానికి కావలసింది ప్లాస్టిక్, అట్ట, గుడ్డ, రబ్బరు. వాతావరణం పేరు చెప్పి ప్రాజెక్టు తెచ్చేటప్పుడు తడి చెత్తను చూపిస్తారు. బాయిలర్ నడిపేటప్పుడు పొడి చెత్త కోసం వెతుక్కుంటారు. ఈ విషయం మీద మిగతా గొడవలన్నీ దీన్నుంచి పుట్టినవే.

మొత్తంలో చెత్త వాటా ఎంతో కూడా చెప్పాలి. భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికలో 2020 సంవత్సరానికి దేశం మొత్తం ఉద్గారాల్లో వ్యర్థాల రంగం వాటా 2.56 శాతం. అందులో మురుగునీరు కూడా కలిసే ఉంది. బొగ్గుతో పోలిస్తే ఇది చిన్న ముక్క. అయినా మీథేన్ గాలిలో సగటున పన్నెండేళ్లే నిలుస్తుంది కనుక, ఇవాళ ఆపితే ఫలితం మన కళ్లముందే కనిపిస్తుంది. ఉపగ్రహాల కొలతలతో 2022లో వచ్చిన ఒక అధ్యయనం ఢిల్లీ, ముంబై, లాహోర్, బ్యూనస్ ఎయిర్స్ డంపుల మీద మీథేన్ ఎంత దట్టంగా ఉందో చూపించింది. కుప్పలు అంతరిక్షం నుంచి కనబడుతున్నాయి గానీ, మున్సిపల్ బడ్జెట్‌లో మాత్రం మీథేన్‌కి ఒక పద్దు ఉండదు.

ఇరవై ఒక్క రోజులు

మన ఇళ్లలో చెత్త ఎలా తయారవుతుందో ఒకసారి తలచుకోండి. పేపర్లు, సీసాలు, ఇనుము, అట్టపెట్టెలు పాత సామాన్ల కొట్టుకి ముందే వెళ్లిపోతాయి. మిగిలినవాటిలో పనికొచ్చేది చెత్త ఏరుకునేవాళ్లు తీసుకుంటారు. మున్సిపల్ బండికి చేరేసరికి ఉండేది సగం నీళ్లతో ముద్దయిన వంటింటి చెత్త, దానికి తోడు చీపురుతో ఊడ్చిన ఇసుక. కిలో చెత్తలో అరకిలో నీళ్లుంటే, ఆ నీళ్లను ఆవిరి చేయడానికే 300 కిలో కేలరీల దాకా పోతాయి. ప్రపంచ బ్యాంకు 1999లో వేసిన మార్గదర్శి ప్రకారం కొలిమి బాగా నడవాలంటే చెత్తలో ఏడాది సగటున కిలోకి 1,670 కిలో కేలరీల వేడి ఉండాలి. మన కలగాపులగం చెత్త చాలాసార్లు అందులో సగం దగ్గరే ఆగిపోతుంది.

1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో ఒక డెన్మార్క్ కంపెనీ సాంకేతికతతో 3.75 మెగావాట్ల ప్లాంటు కట్టారు, రోజుకు 300 టన్నులు కాల్చేది. కిలోకి 1,460 కిలో కేలరీలు వస్తాయని లెక్కేసి డిజైన్ చేస్తే, వచ్చిన చెత్తలో ఉన్నది 600, 700. ప్లాంటు నడిచింది 21 రోజులు. డెన్మార్క్ చెత్తకు కుట్టిన చొక్కా ఢిల్లీ చెత్తకు తొడగబోయారు. కట్టే ముందు ఏడాది పొడవునా, వానాకాలంతో సహా, చెత్త నమూనాలు తీసి పరీక్షించి ఉంటే బయటపడే సంగతి ఇది. ఆ పని ఎవరిదన్న ప్రశ్నకి అప్పుడూ సరైన జవాబు లేదు.

బెజవాడ, భాగ్యనగరం

తిమార్‌పూర్ పాఠం విన్నాక మన దగ్గర వేరే దారి పట్టారు. చెత్తను నేరుగా కాల్చకుండా ఆరబెట్టి, మట్టి జల్లించి, నూరి, పిడకల్లా ఒత్తి కాల్చాలన్నది ఆలోచన. ఇలా చెత్త నుంచి చేసిన ఇంధనాన్ని ఆర్‌డీఎఫ్ అంటారు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం తయారు చేయించిన ఈ పద్ధతితోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 ప్రాంతంలో రెండు ప్లాంట్లు వచ్చాయి. విజయవాడ, గుంటూరు చెత్తతో 6 మెగావాట్లది ఒకటి. హైదరాబాద్ చెత్తను గంధంగూడలో పిడకలు చేసి షాద్‌నగర్ దగ్గర కాల్చేది ఇంకొకటి. దేశంలోని మున్సిపల్ కమిషనర్లు ఇటు చూసి వెళ్లిన రోజులవి.

అసలు కష్టం పిడకల దగ్గరే మొదలైంది. తడి ముద్దను ఆరబెట్టడానికి చాలా జాగా కావాలి, ఎండ కావాలి. వానాకాలంలో రెండూ ఉండవు. చెత్త ఒక్కటే చాలక బాయిలర్‌లో ఊకలాంటి వ్యవసాయ వ్యర్థాలు కూడా వేసుకోవాల్సి వచ్చింది. అప్పుడు విమర్శకులు అడగాల్సిన ప్రశ్నే అడిగారు: ఇది చెత్త కరెంటా, ఊక కరెంటా? చెత్త కరెంటు పేరుతో సబ్సిడీ తీసుకుంటున్నప్పుడు ఇది ఊరికే మాటల గొడవ కాదు. గంధంగూడలో చుట్టుపక్కల జనం వాసన, దుమ్ము భరించలేమని గొడవ చేశారు. ఇదే 2003లో లక్నోలో తడి చెత్త నుంచి గ్యాస్ తీసి 5 మెగావాట్ల కరెంటు చేసే ప్లాంటు పెడితే, వేరు చేయని చెత్త వచ్చి పడి అదీ కుదేలైంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే కొలిమి బదులు బయోగ్యాస్ పెడితే అన్నీ సర్దుకుంటాయనే వాళ్లకి లక్నో గుర్తుండదు.

సుప్రీంకోర్టులో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ వేసిన చెత్త కేసు ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది అప్పటికి. ఆ కేసులో 2005లో కోర్టు ఈ రకం ప్రాజెక్టులకు కొత్త సబ్సిడీలు ఆపమంది. 2007లో నిపుణుల కమిటీ చెప్పినదాన్ని బట్టి, ప్రయోగంగా ఐదింటికి మాత్రం అనుమతించింది. మన రెండు ప్లాంట్లూ కొన్నేళ్లకే మూతపడ్డాయి.

విజయవాడ ప్లాంటు ఐక్యరాజ్యసమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజంలో కూడా నమోదైంది. మీథేన్ ఆపినందుకు కార్బన్ క్రెడిట్లు వస్తాయి, వాటిని ఐరోపాలో అమ్ముకోవచ్చు, ఆ డబ్బుతో ప్లాంటు నిలబడుతుంది అన్నది లెక్క. వాతావరణానికి చేసిన మేలుకు నేరుగా ధర కట్టే ఏర్పాటు అదొక్కటే. 2012 నాటికి ఆ క్రెడిట్ల ధర టన్నుకు ఒక యూరో కిందికి పడిపోయింది. ఆ తర్వాత నుంచి ఇలాంటి ప్లాంట్లకి వచ్చే ఆదాయమంటే కరెంటు అమ్మగా వచ్చింది, మున్సిపాలిటీ ఇచ్చింది, అంతే. మీథేన్ ఆపినందుకు పైసా ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. పెద్ద మేలుకు ధర లేదు, చిన్న మేలుకు మీటరు ఉంది.

నలుగురు యజమానులు

రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్ చెత్త పనిని మున్సిపాలిటీలకు అప్పగించింది. చెత్త వాళ్లది, కానీ చేతిలో డబ్బుండదు. ప్లాంటు పెట్టాలంటే రాష్ట్ర పురపాలక శాఖ ఒప్పుకోవాలి, సబ్సిడీ కేంద్రం నుంచి రావాలి. పొగ సంగతి కాలుష్య నియంత్రణ మండలి చూస్తుంది. కరెంటు కొనేది డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ధర పెట్టేది విద్యుత్ నియంత్రణ మండలి. ఒక్కొక్కరు ఒక్కో ముక్క పట్టుకున్నారు. ప్లాంటు ఆగిపోతే తప్పు పక్కవాడి ముక్కదే.

డిస్కం వైపు నుంచి చూస్తే వాళ్ల గోడు అర్థమవుతుంది. 2015లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి నేరుగా కాల్చే చెత్త కరెంటుకు యూనిట్ రూ.7.04, ఆర్‌డీఎఫ్ కరెంటుకు రూ.7.90 ధర పెట్టింది. 2017 మేలో రాజస్థాన్ భడ్లాలో సౌర విద్యుత్ వేలం రూ.2.44 దగ్గర ఆగింది. మూడు రెట్ల తేడా. 2016 జాతీయ టారిఫ్ విధానం మాత్రం రాష్ట్రంలో తయారయ్యే చెత్త కరెంటంతా డిస్కంలు కొనితీరాలని రాసింది. కొనక తప్పదు, కాబట్టి కొంటారు. కానీ మొదటే నష్టాల్లో ఉన్న సంస్థ ఇష్టం లేకుండా కొన్న సరుకుకి బిల్లు చెల్లించడంలో ఎంత హుషారు చూపిస్తుందో మనకు తెలియంది కాదు.

నిజానికి ఆ ఏడు రూపాయల్లో నాలుగో వంతో సగమో కరెంటు ధర, మిగతాది ఊరు శుభ్రం చేసినందుకు కూలి. ఆ కూలిని మున్సిపాలిటీ తన పద్దులో చూపించాలి. అది డబ్బుల్లేవంటుంది కాబట్టి మీ ఇంటి కరెంటు బిల్లులో దాచారు. దాచిన ఖర్చుని ఎవరూ ప్రశ్నించరు, తగ్గించే దారీ వెతకరు. ఇక్కడే నాకు ఈ విధానంతో పేచీ. చెత్త ఎత్తడానికి ఎంతవుతుందో, వేరు చేసి ఇస్తే ఎంత తగ్గుతుందో జనానికి కనబడితేనే కదా వేరు చేయడానికి ఎవరికైనా మనసు పుట్టేది!

ఒప్పందంలో ఏముంది

హైదరాబాద్‌లో 2009లో అప్పటి జీహెచ్‌ఎంసీ రాంకీ సంస్థతో 25 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. జవహర్‌నగర్ డంపు ఆ సంస్థ చేతికి 2012 ప్రాంతంలో వెళ్లింది. అక్కడ 19.8 మెగావాట్ల చెత్త కరెంటు ప్లాంటు ప్రారంభమైంది 2020లో. ఆ తర్వాత దుండిగల్‌లో 14.5 మెగావాట్లది వచ్చింది. ఒప్పందానికీ కరెంటుకీ మధ్య పదకొండేళ్లు. ఈ పదకొండేళ్లూ చెత్త రావడం ఆగలేదు, కుప్ప పెరగడం ఆగలేదు, మల్కారం చెరువులోకి నల్లటి ఊట దిగడం ఆగలేదు. కుప్ప మీద మట్టి, ప్లాస్టిక్ షీట్లు కప్పే పని కోర్టులు, ట్రిబ్యునళ్లు వెంటపడ్డాకే కదిలింది.

ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా ఉండే ఒక షరతుని చాలామంది పట్టించుకోరు. రోజుకు ఇన్ని టన్నులు ఇస్తామని మున్సిపాలిటీ హామీ ఇస్తుంది. కొలిమికి వందల కోట్లు పెట్టినవాడికి బ్యాంకు అప్పు పుట్టాలంటే ఆ హామీ కావాలి, అందులో అన్యాయమేం లేదు. కానీ పాతికేళ్ల పాటు ఇన్ని టన్నులు ఇస్తానని సంతకం పెట్టిన మున్సిపాలిటీ, చెత్త తగ్గించండని జనానికి ఎలా చెబుతుంది? చెప్పినా ఏ మనసుతో చెబుతుంది? తడి చెత్తని కాలనీలోనే కంపోస్టు చేస్తే కాటా మీద బరువు తగ్గుతుంది. పొడి చెత్తని ఏరి అమ్ముకుంటే కొలిమిలో వేడి తగ్గుతుంది. రెండూ ఊరికి మంచివే, ఒప్పందానికి చెడ్డవి. చెత్త ఏరుకుని బతికే వాళ్ల సంఘాలు ఢిల్లీలో ఈ ప్లాంట్లను మొదటి నుంచీ వ్యతిరేకించింది అందుకే. వాళ్ల అన్నం ముద్ద, బాయిలర్ ఇంధనం ఒకటే సంచిలో ఉన్నాయి.

మా వీధి సంగతి చెప్తాను, ఏ ఊరో అడక్కండి. రెండు బుట్టలు ఇచ్చారు, పచ్చది, నీలంది. మా ఇంట్లో నిష్ఠగా వేరు చేస్తాం. పొద్దున్నే వచ్చే ఆటోలో కూడా మధ్యలో రేకు అడ్డం పెట్టి రెండు అరలున్నాయి. ఒకరోజు పనుండి అదే ఆటో వెనక వెళ్లాను. పెద్ద లారీలోకి ఎత్తేచోట రెండు అరలూ ఒకేసారి దులిపేశారు. అడిగితే ఆ అబ్బాయి నవ్వాడు. "పెద్ద బండికి అరల్లేవు సార్, మేమేం చేస్తాం?" అన్నాడు. అతని తప్పేం లేదు. అతనికి జీతం ఇళ్లు ఎన్ని తిరిగాడన్నదాన్ని బట్టి, లారీకి డబ్బు బరువును బట్టి. వేరుగా తెచ్చినందుకు అదనంగా ఇచ్చే రూపాయి ఈ గొలుసులో ఎక్కడా లేదు.

ఓట్ల లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబర్ 2న క్లాప్ పేరుతో, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్, ఇంటింటి చెత్త సేకరణ మొదలుపెట్టారు. దానికి నెలనెలా ఇంటి నుంచి వసూలు చేసే రుసుముకి అధికారికంగా యూజర్ చార్జీ అని పేరు. జనం నోట పడింది చెత్త పన్ను. ఆ పేరు పడ్డాక ఇక ఏ వివరణా నిలబడలేదు. ప్రతిపక్షానికి అంతకన్నా మంచి నినాదం దొరకదు, ఎందుకంటే అందులో తిట్టు ముందే కలిసి ఉంది. 2024లో ప్రభుత్వం మారింది. అదే ఏడాది అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెత్త పన్ను రద్దు చేస్తున్నామన్నారు. రాష్ట్రంలో పేరుకుపోయిన 85 లక్షల టన్నుల పాత చెత్తను ఏడాదిలో తీసేస్తామని అదే సభలో చెప్పారు.

రుసుము వేసిన తీరులో తప్పులున్నాయి. పేద వాడల మీద భారం, వసూలు చేసేవాళ్ల దబాయింపు, ఇవన్నీ జనం కోపానికి కారణాలే. కానీ రద్దు చేశాక ఆ ఖర్చు మాయం కాదు. డీజిలు ఎవరో పోయాలి, కార్మికుల జీతం ఎవరో ఇవ్వాలి. మున్సిపాలిటీకి సొంత రాబడి లేనప్పుడు, ఖర్చంతా కంపెనీయే పెట్టుకుని జాగా మాత్రం మనం ఇస్తే చాలనే ప్రతిపాదన దేవుడిచ్చిన వరంలా కనిపిస్తుంది. చెత్త కరెంటు ప్రాజెక్టులు రాజకీయంగా ఇంత ముద్దుగా ఉండటానికి పెద్ద కారణం ఇదే. ఇంట్లో ఎవరూ అలవాటు మార్చుకోనక్కర్లేదు, ఎవరి జేబులోంచీ నేరుగా డబ్బు తీయనక్కర్లేదు, చివర్లో రిబ్బను కత్తిరించడానికి ఒక పెద్ద కట్టడం ఉంటుంది.

2014 తర్వాత కొత్త ఆంధ్రప్రదేశ్ ఊళ్లను క్లస్టర్లుగా కలిపి పది దాకా ప్లాంట్లు పెట్టాలని స్వచ్ఛాంధ్ర కార్పొరేషన్ ద్వారా ఒప్పందాలు చేసుకుంది. కొలిమి దాకా చేరినవి జిందాల్ సంస్థ కట్టిన రెండు, గుంటూరు దగ్గర ఒకటి, విశాఖ కాపులుప్పాడలో ఒకటి. అవి పని మొదలుపెట్టేసరికి 2021, 22 వచ్చాయి. మధ్యలో ఒక ఎన్నిక, ఒక ప్రభుత్వం మార్పు, కరోనా. కొలిమికి కావలసింది పాతికేళ్ల నిలకడ. మన దగ్గర కమిషనర్ రెండేళ్లుంటే గొప్ప, మేయర్ ఐదేళ్లు, మున్సిపల్ ఎన్నికలే జరగని ఏళ్లు కూడా మధ్యమధ్యలో.

ఇక జాగా. నగరం చెత్త పల్లెకి వెళ్లాలన్నది ఎవరూ రాయని నియమం. సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో హైదరాబాద్ చెత్తకు జాగా చూపించినప్పుడు 2025లో గుమ్మడిదల మండలం ఊళ్లు రోడ్డెక్కాయి. వాళ్లకి అధికారులు ఇది డంపు కాదు, ఆధునిక ప్లాంటు అని చెప్పారు. జవహర్‌నగర్ కళ్లముందు పెట్టుకున్న మనిషి ఆ మాట ఎందుకు నమ్మాలి? అలా అడ్డుపడేవాళ్లని అభివృద్ధి నిరోధకులు అనడం తేలిక. నా మట్టుకు, ఆ జనం గత అనుభవాన్ని బట్టి చాలా హేతుబద్ధంగా ఆలోచించారనే అనిపిస్తుంది.

పొగ గురించి ఎవరి మాట నమ్మాలి?

ఢిల్లీ ఓఖ్లా ప్లాంటు ఈ నమ్మకం కథకి మంచి ఉదాహరణ. 16 మెగావాట్లతో 2012లో మొదలైంది, ఇళ్లకి చాలా దగ్గర. ఇదీ 2007లో క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజంలో నమోదైన ప్రాజెక్టే. అనుమతి ఒక టెక్నాలజీకి తీసుకుని కట్టింది ఇంకొకటని సుఖ్‌దేవ్ విహార్ వాసులు కోర్టుకెక్కారు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 25 లక్షల పరిహారం కట్టమంటూనే ప్లాంటు నడవనిచ్చింది. రెండు వైపులా ఎవరికీ తృప్తి కలగని తీర్పు.

పొగలో దుమ్ము, సల్ఫర్, నైట్రోజన్ వాయువులు ఎంత ఉన్నాయో కొలిచే పరికరాలు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తాయి. చెత్త సరిగా కాలనప్పుడు పుట్టే విష రసాయనాలు, అందరూ భయపడే డయాక్సిన్లని అలా కొలవలేరు. నమూనా తీసి ప్రత్యేకమైన ల్యాబ్‌కి పంపాలి, సాధారణంగా ఏడాదికోసారి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లో వాటికి పెట్టిన పరిమితి ఘనపు మీటరు పొగలో 0.1 నానోగ్రాము. ఏడాదిలో ఒక రోజు తీసిన నమూనా మిగతా రోజుల గురించి ఏం చెబుతుంది? తడి చెత్త వచ్చి కొలిమి చల్లబడిన రోజే డయాక్సిన్లకు అనువైన రోజు. ఆ రోజు నమూనా తీశారా, ఎండాకాలంలో కొలిమి భగభగ మండుతున్నప్పుడు తీశారా? పరీక్ష ఫలితం పక్కన ఆ రోజు చెత్తలో తేమ ఎంతో కూడా రాస్తే సగం అనుమానాలు తీరతాయి.

2025లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెత్త కరెంటు ప్లాంట్లను ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమలుండే రెడ్ వర్గం నుంచి తీసి, అత్యవసర పర్యావరణ సేవలంటూ కొత్తగా పెట్టిన బ్లూ వర్గంలో చేర్చింది. అనుమతి గడువు అదనంగా రెండేళ్లు దొరుకుతుంది. సేవ అన్నమాట కాదనలేం. కానీ గుంటూరులోనో జవహర్‌నగర్‌లోనో పొగ కింద ఉండే మనిషికి నిన్నటి ఎరుపు ఇవాళ నీలం ఎలా అయిందో చెప్పేవాళ్లు కావాలి కదా.

బోయిన్‌పల్లి గ్యాస్

సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల దాకా పాడైన కూరగాయలు మిగులుతాయి. ఒకప్పుడు అన్నీ డంపుకే. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఐఐసీటీ, తయారుచేసిన పద్ధతితో అక్కడే బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. రోజుకు 500 యూనిట్ల దాకా కరెంటు, మార్కెట్ క్యాంటీన్ వంటకి గ్యాస్, మిగిలింది ఎరువు. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో దీని గురించి చెప్పారు. 500 యూనిట్లంటే మెగావాట్ల లెక్కలో గోరంత. మీథేన్ లెక్కలో చూస్తే ఈ పది టన్నులూ పూర్తిగా తడి చెత్తే, అంటే పని జరగాల్సిన చోటే జరుగుతోంది. ఇక్కడ ఎవరూ ఏమీ వేరు చేయనక్కర్లేదు. మార్కెట్లో పుట్టే చెత్తే ఒకే రకం.

పెద్ద ఎత్తున చేసింది ఇండోర్. 2022 ఫిబ్రవరిలో రోజుకు 550 టన్నుల తడి చెత్తతో 17 వేల కిలోల బయో సీఎన్‌జీ చేసే ప్లాంటు మొదలైంది. అక్కడ మున్సిపాలిటీ కంపెనీకి టిప్పింగ్ ఫీజు ఇవ్వడం లేదు. కంపెనీయే మున్సిపాలిటీకి ఏడాదికి రెండున్నర కోట్లు కడుతుంది. ఎలా సాధ్యమైందంటే, ఆ ఊరు ప్లాంటు కన్నా ముందు కొన్నేళ్లు ఇంటి గుమ్మం దగ్గరే తడి, పొడి వేరు చేయించింది. రుసుము వసూలు చేసింది, దానికి రాజకీయ నాయకత్వం అండగా నిలబడింది. ప్లాంటు తర్వాత వచ్చింది. మనం ప్లాంటు ముందు కట్టి, వేరుచేయడం దానంతటదే వస్తుందని కూర్చుంటాం.

అలాగని కొలిమి అక్కర్లేదని నేననడం లేదు. శానిటరీ ప్యాడ్లు, చిరిగిన చెప్పులు, బిస్కెట్ రేపర్లు, పరుపుల దూది వంటివి ఏ పాత సామాన్ల కొట్టూ కొనదు. వాటిని ఎక్కడో ఒకచోట జాగ్రత్తగా కాల్చక తప్పదు. అయితే అవి ఊరి మొత్తం చెత్తలో చిన్న భాగం, దానికి చిన్న కొలిమి చాలు. డెన్మార్క్ లాంటి దేశమే 2020లో తన చెత్త కాల్చే సామర్థ్యాన్ని 2030 నాటికి 30 శాతం తగ్గించుకోవాలని నిర్ణయించింది. అక్కడ ఎక్కువగా కట్టేసుకుని, నింపడానికి పక్క దేశాల చెత్త తెప్పించుకునే దాకా వెళ్లారు. తిమార్‌పూర్‌కి మనం కొలిమి తెచ్చుకున్నది ఆ దేశం నుంచే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇప్పుడు మరికొన్ని ఊళ్లకి ప్లాంట్లు తెస్తానంటోంది. ఆ టెండరు కాగితాలు బయటికి వచ్చినప్పుడు నేను మెగావాట్ల అంకె దగ్గర ఆగను. రోజుకు ఎన్ని టన్నుల హామీ ఇచ్చారో చూస్తాను, అందులో తడి ఎంతో, పొడి ఎంతో విడిగా రాశారేమో చూస్తాను. ముప్పై శాతం తేమకి ఒక రేటు, యాభై శాతానికి ఇంకో రేటు అని ఎక్కడైనా ఉందా? లారీకి ఇచ్చే డబ్బు బరువును బట్టేనా? ఊళ్లో చెత్త తగ్గితే మున్సిపాలిటీ జరిమానా కట్టాలా? ధాన్యం కొనేటప్పుడు తేమ కొలిచే మీటరు ప్రతి మార్కెట్ యార్డులోనూ ఉంటుంది, పదిహేడు శాతం దాటితే రైతుకి ధర తెగ్గోస్తారు. చెత్త కాటా దగ్గర మాత్రం అలాంటి మీటరు ఉండాలని టెండరులో ఎవరికీ తోచడం లేదు.